వార్డు మారిన నర్సుకు ధైర్యం ఎవరిస్తారు?

నర్సింగ్ చదివి ఉద్యోగంలో చేరినవాళ్లను మొదటి రెండు మూడేళ్లు రెండు ప్రశ్నలు వదలవు. ఈ పని నావల్ల అవుతుందా? అయ్యేటట్టయితే ఈ వార్డులోనే ఉండాలా, వేరే విభాగానికి మారాలా? జనరల్ వార్డులో ఉక్కిరిబిక్కిరైనవాళ్లు ఐసీయూకి వెళ్తే ఒకరిద్దరు రోగులను నిదానంగా చూసుకోవచ్చనుకుంటారు. ఐసీయూలో అలసిపోయినవాళ్లకు డయాలసిస్ యూనిట్ నెమ్మదిగా కనిపిస్తుంది. సీనియర్ సిస్టర్లు మాత్రం "ముందు ఏడాది పాటు జనరల్ వార్డులో నలగమ్మా, తర్వాత చూద్దాం" అంటారు.

దీనిమీద యాభై ఏళ్లుగా పరిశోధన జరుగుతూనే ఉంది. అందులో ఎక్కువ భాగం అమెరికా, కెనడా, బ్రిటన్ ఆసుపత్రుల్లో చేసింది. దాంట్లో నిలబడేదెంత, మన ఆంధ్ర, తెలంగాణ ఆసుపత్రులకు పనికొచ్చేదెంత అని చూస్తే ఒక విషయం తేలుతుంది. కొత్త నర్సు ధైర్యాన్ని ఆమె స్వభావంలో వెతకడం మనకు అలవాటైపోయింది. కానీ ఆమెకు ఎంతమంది రోగులను ఇచ్చారు, పక్కన ఎవరిని నిలబెట్టారు, తెలియనిది అడిగితే ఎలా చూశారు అన్నవాటిమీదే ఆ ధైర్యం ఎక్కువగా ఆధారపడుతుంది. విభాగం మారాలా వద్దా అన్నదానికి కూడా సరైన జవాబు అక్కడే దొరుకుతుంది.

కాలేజీకీ వార్డుకూ మధ్య

1974లో అమెరికన్ నర్సింగ్ పరిశోధకురాలు మార్లీన్ క్రేమర్ 'రియాలిటీ షాక్' అనే పుస్తకం రాశారు. చదువుకున్న నర్సులు వృత్తిని ఎందుకు వదిలేస్తున్నారన్నది ఆమె ప్రశ్న. కాలేజీలో ఒక రోగిని అప్పగించి, కేర్ ప్లాన్ రాయించి, ప్రతి పనీ పద్ధతిగా చేయడం నేర్పుతారు. వార్డులోకి వచ్చాక అదే అమ్మాయి ముందు ఒకేసారి పదిమంది రోగులు, రెండు కొత్త అడ్మిషన్లు, సంతకం కోసం ఆగిన డిశ్చార్జి, "సిస్టర్, సెలైన్ అయిపోయింది" అని తొందరపెట్టే బంధువులు. ముందు మురిపెం, వెంటనే దెబ్బ, ఆపైన కోలుకోవడం, చివరికి ఏదో ఒక సర్దుబాటు అని క్రేమర్ ఈ దారిని దశలుగా చూపించారు.

తర్వాత కెనడా పరిశోధకురాలు జూడీ బోయ్‌చక్ డ్యూషర్ మొదటి పన్నెండు నెలలను మరింత దగ్గరగా చూశారు. మొదటి మూడు నాలుగు నెలలు చెప్పిన పని చేసుకుపోవడంతోనే గడిచిపోతాయి. ఆ తర్వాత, సుమారు ఆర్నెల్ల దగ్గర, ధైర్యం పెరగాల్సింది పోయి తగ్గుతుంది. ఇది చాలామందిని కంగారు పెడుతుంది. కారణం మాత్రం తేలికగానే అర్థమవుతుంది. అప్పటికి పక్కన నిలబడే సీనియర్‌ను తీసేస్తారు, రోగుల సంఖ్య అందరితో సమానం చేస్తారు. పైగా తనకు ఏమేం తెలియవో ఆమెకు తెలిసొచ్చేదీ అప్పుడే. రాజీనామా ఆలోచనలూ, "వేరే డిపార్ట్‌మెంట్‌కి మార్చండి మేడం" అన్న అర్జీలూ ఈ సమయంలో వస్తే ఆశ్చర్యం లేదు. క్రిస్టీన్ కోవ్‌నర్ బృందం 2014లో వెల్లడించిన లెక్క ప్రకారం అమెరికాలో కొత్త నర్సుల్లో 17.5 శాతం మంది మొదటి ఏడాదిలోనే తొలి ఉద్యోగం వదిలేశారు. రెండేళ్లయ్యేసరికి ఆ సంఖ్య 33.5 శాతానికి చేరింది.

బెన్నర్ మెట్లు

ఈ రంగంలో అందరూ తలుచుకునే పేరు పాట్రీషియా బెన్నర్. 1984లో వచ్చిన ఆమె పుస్తకం నర్సు నైపుణ్యాన్ని ఐదు మెట్లుగా చెప్పింది: కొత్తవారు, కాస్త అనుభవం వచ్చినవారు, సమర్థులు, ఆరితేరినవారు, నిపుణులు. చదరంగం ఆటగాళ్లు, విమాన పైలట్లు నైపుణ్యం ఎలా సంపాదిస్తారో పరిశీలించిన డ్రైఫస్ సోదరుల నమూనాను బెన్నర్ నర్సింగ్‌కు అన్వయించారు. మూడో మెట్టు ఎక్కడానికి అదే రకమైన పనిలో రెండు మూడేళ్లు పడుతుందని ఆమె అంచనా.

బెన్నర్ చెప్పినవాటిలో మనవాళ్లు తరచూ మరిచిపోయేది ఒకటుంది. నిపుణురాలైన నర్సు కూడా తనకు పరిచయం లేని విభాగానికి వెళ్తే మళ్లీ మొదటి మెట్టు దగ్గరే నిలబడాల్సి రావచ్చు. మెట్టు అనేది మనిషికీ విభాగానికీ మధ్య సంబంధాన్ని సూచిస్తుంది తప్ప మనిషికి శాశ్వతంగా తగిలించే బ్యాడ్జీని కాదు. ఎనిమిదేళ్ల సర్వీసున్న సిస్టర్‌ను లేబర్ రూం నుంచి న్యూరో ఐసీయూకి మార్చి, మొదటి రోజే ఇన్‌చార్జి చేస్తే సర్వీసు రిజిస్టరులో ఆవిడ సీనియర్, మంచం పక్కన జూనియర్.

నిపుణుల 'అంతర్‌దృష్టి'ని కొలవడం ఎలాగో బెన్నర్ చెప్పలేదన్న విమర్శ ఉంది. అందులో నిజముంది. అయినా విభాగం మారినప్పుడు వెనక్కి జారడం సహజమన్న ఆమె మాటను అనుభవం ఉన్న నర్సులెవరూ కాదనరు.

ఏది వెంట వస్తుంది, ఏది రాదు

మార్పు అనగానే కొత్త మెషీన్లు నేర్చుకోవడం గుర్తొస్తుంది. వెంటిలేటరో, సిరంజి పంపో నేర్చుకోవడానికి కొన్ని వారాలు చాలు. అసలు కష్టం పాత అలవాట్లను మానుకోవడంలో ఉంది.

పెద్దల వార్డు నుంచి నవజాత శిశువుల ఐసీయూకి వెళ్లిన నర్సు సంగతే తీసుకుందాం. జెంటామైసిన్ వయల్‌లో మిల్లీలీటరుకు 40 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. పెద్దవాళ్లకు 80 మిల్లీగ్రాములంటే రెండు మిల్లీలీటర్ల వయల్ మొత్తం లాగేయడమే, లెక్కతో పనిలేదు. కిలోంబావు కూడా లేని బిడ్డకు డాక్టరు 6 మిల్లీగ్రాములు రాస్తే తీయాల్సింది 0.15 మిల్లీలీటరు. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే బిడ్డకు వెళ్లేది పది రెట్ల మందు. అందుకే అక్కడ మందును పలచన చేసి తీస్తారు, ఇద్దరు నర్సులు విడివిడిగా లెక్కగట్టి సరిచూసుకుంటారు. పెద్దల వార్డులో అలా మరొకరిని పిలిచి అడిగితే "ఈ మాత్రం తెలియదా" అంటారు. ఇక్కడ అడగకపోవడమే తప్పు.

ఆక్సిజన్ విషయం ఇంకా విచిత్రంగా ఉంటుంది. పెద్దల వార్డులో చాలామంది రోగులకు మానిటర్ మీద 99 కనిపిస్తే నర్సు నిశ్చింతగా పక్క మంచం దగ్గరికి వెళ్తుంది. నెలలు నిండకుండా పుట్టి ఆక్సిజన్ మీద ఉన్న బిడ్డకు అదే 99 ప్రమాద సూచన. ఆక్సిజన్ ఎక్కువైతే రెటీనా దెబ్బతింటుంది కాబట్టి సాధారణంగా 90 నుంచి 95 మధ్య ఉంచుతారు. ఏళ్లుగా ఊరటనిచ్చిన అంకెను చూసి ఇప్పుడు ఉలిక్కిపడాలి.

ప్రతి విభాగానికీ ఇలాంటి సొంత నియమాలుంటాయి. డయాలసిస్‌లో ఫిస్టులా ఉన్న చేతికి బీపీ కట్టరు, సూది గుచ్చరు, రోజూ వేళ్లతో తాకి లోపల రక్తప్రవాహపు అదురు ఉందో లేదో చూస్తారు. ఆపరేషన్ థియేటర్లో గాజు గుడ్డల లెక్క కుదరనిదే కడుపు మూయనివ్వకూడదు, సర్జన్ ఎంత పెద్దవాడైనా సరే. ఐసీయూ నుంచి జనరల్ వార్డుకు రావడం దిగడమే కదా అనుకుంటారు. ఒకరిద్దరు రోగులనూ ఎప్పుడూ వెలిగే మానిటర్‌నూ వదిలి ఇరవైమంది మధ్యకు వస్తే, ముందు ఎవరిని చూడాలో తేల్చుకోవడమే కొత్త విద్య అవుతుంది.

మరి వెంట వచ్చేదేమిటి? రోగి పరిస్థితి దిగజారుతోందని ముందే పసిగట్టే చూపు. 2006లో క్రిస్టీన్ టానర్ నర్సు నిర్ణయశక్తిని నాలుగు పనులుగా చెప్పారు: గమనించడం, అర్థం చేసుకోవడం, స్పందించడం, తర్వాత తిరిగి ఆలోచించుకోవడం. అంకెలు విభాగాన్ని బట్టి మారతాయి, ఈ వరస మారదు. బీపీ పడిపోకముందే ఊపిరి వేగం పెరుగుతుందని తెలిసి, నిమిషం పాటు నిలబడి లెక్కపెట్టే నర్సు ఏ వార్డులోనైనా పనికొస్తుంది.

గమనించినదాన్ని చెప్పగలగడమూ అలాంటిదే. అర్ధరాత్రి డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసి "సార్, పేషెంటు ఏదోలా ఉన్నారు" అంటే "చూస్తూ ఉండండి" అన్న జవాబే వస్తుంది. "సార్, 12వ బెడ్, నిన్న పేగు ఆపరేషన్ అయినాయన. ఊపిరి 28, పల్స్ 124, బీపీ 96/60, మూడు గంటల్లో మూత్రం 40 ఎంఎల్. లోపల రక్తస్రావమో, ఇన్‌ఫెక్షనో అనిపిస్తోంది. మీరొచ్చి చూడాలి" అంటే డాక్టరు లేచి వస్తారు. పరిస్థితి, నేపథ్యం, అంచనా, కావలసింది అనే ఈ వరసను ఎస్‌బార్ అంటారు. అమెరికా నౌకాదళపు జలాంతర్గాముల్లో మొదలైన పద్ధతిని 2000 తర్వాత కైజర్ పర్మనెంటే సంస్థ ఆసుపత్రుల్లోకి తెచ్చింది. గొంతు వణుకుతున్న జూనియర్‌కు కూడా ఇది మాట అందిస్తుంది.

'ముందు జనరల్ వార్డు' వాదన

కొత్త నర్సు ముందు జనరల్ వార్డులో ఏడాదో రెండేళ్లో పనిచేసి తీరాలన్న వాదనకు బలమైన కారణాలున్నాయి. రకరకాల జబ్బులు చూస్తారు, సమయాన్ని పంచుకోవడం నేర్చుకుంటారు. ఉద్యోగ నిబంధనలూ అటే నెడతాయి. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ల పరీక్ష నార్‌సెట్ రాయాలంటే జీఎన్‌ఎం చదివినవాళ్లకు 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. గల్ఫ్ ఉద్యోగాలు కూడా అనుభవం చూసే ఇస్తారు.

అయితే అమెరికాలో చాలా ఆసుపత్రులు ఇప్పుడు కొత్త గ్రాడ్యుయేట్లను నేరుగా ఐసీయూ, ఎమర్జెన్సీ, లేబర్ రూముల్లోకి తీసుకుంటున్నాయి. తగిన శిక్షణ కాలం ఇచ్చినచోట వాళ్లు నిలదొక్కుకుంటున్నారు, ఇవ్వనిచోట జనరల్ వార్డులో చేరినవాళ్లు కూడా వెళ్లిపోతున్నారు. కాబట్టి తేడా తెచ్చేది మొదటి వార్డు పేరు కన్నా మొదటి నెలల తోడు. జనరల్ వార్డు తేలికని, అక్కడ ఎవరైనా నెట్టుకురావచ్చని అనుకోవడం దగ్గరే ఈ వాదన పొరబడుతోంది. నలభై పడకల మధ్య ఒంటరిగా వదిలేసిన ఏడాది నేర్పేది రోగి సంరక్షణ కంటే పని తెమల్చుకోవడాన్నే.

ధైర్యం ఎలా పుడుతుంది

మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో, 'నేను చేయగలను' అన్న నమ్మకానికి నాలుగు మూలాలు చెప్పారు: స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటివాళ్లు చేస్తుండగా చూడడం, నమ్మదగినవాళ్లు చెప్పే మాట, శరీరంలోని కంగారు తగ్గడం. వీటిలో మొదటిదే అన్నిటికన్నా బలమైనది. "భయపడకు, నీకొస్తుంది" అనడం కన్నా, పక్కన నిలబడి మూడు కాన్యులాలు పెట్టించడం ఎక్కువ పనిచేస్తుంది.

ఇక్కడొక చిక్కుంది. ధైర్యం, సామర్థ్యం ఒకటి కావు. డొరొతీ డెల్ బ్యూనో 2005లో రాసినదాని ప్రకారం అమెరికాలో కొత్త నర్సుల్లో వైద్యపరమైన నిర్ణయం తీసుకోవడంలో ప్రవేశస్థాయిని అందుకున్నవాళ్లు 35 శాతం మందే. డిగ్రీ ఉంది, లైసెన్సు ఉంది, రోగికి ఏమవుతోందో తేల్చడం దగ్గర తడబాటు ఉంది. అనుమానం లేని కొత్త నర్సు రోగికి అపాయం. వచ్చీరాకముందే అన్నీ తెలుసన్నట్టు ఉండేవాళ్లను చూసి పెద్ద సిస్టర్లు జాగ్రత్తపడేది అందుకే. మొదటి ఏడాదిలో కావాల్సిన ధైర్యం, "నాకు తెలియదు, ఒకసారి చూపించండి" అని నలుగురి ముందు అనగలిగే ధైర్యం.

ఆ మాట అనగలగడం వార్డు వాతావరణాన్ని బట్టి ఉంటుంది. మందుల పొరపాట్లపై హార్వర్డ్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ చేసిన అధ్యయనం 1996లో వచ్చింది. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె ఊహించారు. లెక్కలు తిరగబడ్డాయి: మంచి నాయకత్వం ఉన్న వార్డుల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. అక్కడ పొరపాటు జరిగితే పైకి చెప్పేవారు, మిగతాచోట్ల దాచేవారు. తిడతారన్న భయంతో దాచిన పొరపాటు నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోరు, చేసినవాళ్ల ధైర్యమూ లోపల్లోపలే తరిగిపోతుంది.

రోగుల సంఖ్య మాటేమిటి? లిండా ఐకెన్ బృందం 2002లో అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రులను పరిశీలించింది. ఒక్కో నర్సుకు ఒక్కో రోగి పెరిగేకొద్దీ శస్త్రచికిత్స రోగులు నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం, నర్సులు అలసి విసిగిపోయే అవకాశం 23 శాతం ఎక్కువవుతున్నట్టు తేలింది. తీరిక లేని సీనియర్‌కు నేర్పే ఓపిక ఎక్కడినుంచి వస్తుంది?

అక్కడి ఏర్పాట్లు, ఇక్కడి ఏర్పాట్లు

అమెరికాలో 2002లో మొదలైన, కొత్త నర్సులకు ఏడాది పాటు శిక్షణనిచ్చే రెసిడెన్సీ కార్యక్రమాలు ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో మామూలైపోయాయి. 2010లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక ఈ రెసిడెన్సీని కొత్త గ్రాడ్యుయేట్లతో పాటు, కొత్త విభాగానికి మారే నర్సులకూ ఇవ్వాలంది. అంటే వార్డు మార్పును మరో ఆరంభంగా గుర్తించింది. బ్రిటన్‌లో ప్రిసెప్టర్‌షిప్ పేరుతో అనుభవమున్న ఒక నర్సును తోడిస్తారు. విదేశాల నుంచి వచ్చి చేరేవాళ్లకు కూడా ఇది వర్తించాలన్నది అక్కడి నర్సింగ్ కౌన్సిల్ 2020లో చెప్పిన సూత్రం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పదేళ్లు పనిచేసి వెళ్లిన మన నర్సులకు అది చిన్నతనం అనిపించవచ్చు, కానీ ఆ దేశపు వార్డులో వాళ్లు నిజంగా కొత్తవాళ్లే.

ఈ కార్యక్రమాల మీద వచ్చిన అధ్యయనాలను కొంచెం అనుమానంతోనే చదవాలి. చాలావరకు ఒకే ఆసుపత్రిలో చేసినవి, పోల్చి చూడటానికి వేరే బృందం లేనివి, 'మీ ధైర్యం పెరిగిందా' అని నర్సునే అడిగి రాసుకున్నవి. అయినా ఏర్పాటు ఉన్నచోట నర్సులు నిలుస్తున్నారన్న ఫలితం మళ్లీ మళ్లీ వస్తోంది.

మన దేశంలో కాగితం మీద కొంత ఉంది. భారత నర్సింగ్ కౌన్సిల్ 2021 సిలబస్ బీఎస్సీ నర్సింగ్ చివరి సెమిస్టర్‌ను 22 వారాల ఇంటర్న్‌షిప్‌గా మార్చింది. విభాగం మారదలచుకున్నవాళ్లకు క్రిటికల్ కేర్, క్యాన్సర్, నవజాత శిశు సంరక్షణ, ఆపరేషన్ రూం వంటి రంగాల్లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాలున్నాయి. క్రిటికల్ కేర్‌లో రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు ఉంది.

అన్నిటికన్నా ఆసక్తికరమైన ఉదాహరణ తెలంగాణదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు, దేశ సగటు 21.5 శాతం. సహజ కాన్పులకు అండగా ఉండటానికి తెలంగాణ ప్రభుత్వం యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌లతో కలిసి 2017లో స్టాఫ్ నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. ఇది పద్దెనిమిది నెలల శిక్షణ. లేబర్ రూంలో పాతబడిన నర్సు కూడా ఇక్కడ కొత్తే. తల్లిని మంచానికి కట్టేసినట్టు వెల్లకిలా పడుకోబెట్టడం, అవసరమున్నా లేకున్నా కోత పెట్టడం మానుకోవాలి. నొప్పుల సమయంలో నడవనివ్వడం, తనకిష్టమైన భంగిమలో కూర్చోనివ్వడం నేర్చుకోవాలి. నెలల తరబడి తోడుండి చేయించారు కాబట్టే ఈ మార్పు సాధ్యమైంది. మరుసటి ఏడాది, 2018 చివర్లో కేంద్రం కూడా మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు విడుదల చేసింది.

మన వార్డుల్లో

మిగతాచోట్ల పరిస్థితి వేరు. నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకు, ఇతర ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒక నర్సు ఉండాలి. రాత్రి డ్యూటీలో మన వార్డులు చూసినవాళ్లకు ఆ లెక్క ఎంత దూరంలో ఉందో వేరే చెప్పక్కర్లేదు. ప్రభుత్వాసుపత్రుల్లో వార్డు మార్పు ఎక్కువగా రొటేషన్ జాబితాతో జరుగుతుంది. ఐసీయూ పని వంటబట్టేలోపు పేరు ఆర్థోపెడిక్స్ వార్డు జాబితాలో ఎక్కుతుంది. అందరికీ అన్నీ రావాలన్న ఉద్దేశం మంచిదే, కానీ ఎవరికీ ఏదీ లోతుగా రాకపోవడం దాని ఫలితం. డిప్లొమా చేసిన నర్సును ఆ విభాగంలోనే ఉంచే పద్ధతి గట్టిగా లేనిచోట ఆ చదువూ వృథానే.

ప్రైవేటులో దీనికి తలకిందుల చిక్కు. ఒకేసారి నలుగురు మానేస్తే, నిన్న చేరిన అమ్మాయి ఇవాళ ఐసీయూలో ఉంటుంది. బాండు కారణంగానో, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో ఉండిపోవడం వల్లనో కదల్లేనివాళ్లున్నారు. సుప్రీంకోర్టు 2016 ఆదేశంతో ఏర్పడిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రిలోనైనా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. అమలును రాష్ట్రాలకు వదిలేశారు. జీతం చాలక ఊరు మారేవాళ్లకు విభాగం ఎంపిక ఇష్టంతో జరగదు, ఏ విభాగానికి గల్ఫ్‌లోనో జర్మనీలోనో గిరాకీ ఉందో చూసి జరుగుతుంది. అది తప్పేమీ కాదు. కాకపోతే ఇష్టం లేని పనిలో వీసా కోసం గడిపే రెండేళ్లు ధైర్యాన్ని ఎంత పెంచుతాయో ముందే ఆలోచించుకోవాలి.

మారాలా, ఆగాలా

ఇదంతా కలిపి చూస్తే కొన్ని మాటలు నిక్కచ్చిగా చెప్పవచ్చు. ఆర్నెల్ల దగ్గర వచ్చే దిగులును మాత్రమే చూసి విభాగం మారడం తొందరపాటు, అది చాలామందికి వచ్చిపోయేదే. కానీ తిట్లు, అవమానాలు, అసాధ్యమైన రోగుల సంఖ్య కారణమైతే ఆగడంలో ఘనత ఏమీ లేదు. రోగం మీదో, రోగుల వయసు మీదో, పని తీరు మీదో ఇష్టం కుదిరి మారాలనుకుంటే ఏడాది, రెండేళ్లు నిండాయా లేదా అన్నది రెండో విషయం.

మారేముందు అడగాల్సినవి నాలుగు: మొదటి నెల నా పక్కన ఎవరుంటారు, ఆమెకు ఆ రోజు ఎంతమంది రోగులుంటారు, నేను ఒంటరిగా రోగులను తీసుకోవడానికి సిద్ధమయ్యానని ఎవరు, ఏం చూసి తేలుస్తారు, రాత్రి డ్యూటీలో తెలియనిది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి. ఇంటర్వ్యూలో వీటిని అడిగే నర్సు పొగరుబోతు కాదు. జవాబు చెప్పలేని ఆసుపత్రి, ఆ అమ్మాయి ఎంత చురుకైనదైనా, ఆమెను తన రోగుల మీదే ప్రయోగిస్తోంది.

మన రాష్ట్రాలు చేయగలిగిన పని కూడా పెద్ద బడ్జెట్ అడిగేది కాదు. రొటేషన్ జాబితా వేసే నర్సింగ్ సూపరింటెండెంట్ ప్రతి కొత్త పేరు పక్కన తోడుండే సీనియర్ పేరు రాసి, ఆ సీనియర్‌కు ఆ నెల రోగులను తగ్గించాలి. విభాగం మారిన పదేళ్ల సిస్టర్ పేరు పక్కన కూడా అదే గడి నింపాలి. కొత్తగా చేరినవాళ్లకు ధైర్యం లేదని ఫిర్యాదు చేసే హక్కు ఆ గడి నింపిన ఆసుపత్రులకే ఉంటుంది.